పదో తరగతి పిల్లతో మొదటి విదేశీ ప్రయాణం: లంకకా, బ్యాంకాక్‌కా, కౌలాలంపూర్‌కా?

నల్గొండ గడియారం సెంటర్ దగ్గర నాకో జిరాక్స్ షాపు ఉంది. జిరాక్స్ పేరుకే, రోజంతా నడిచేది ఆన్‌లైన్ దరఖాస్తుల పని. పదో తరగతి పరీక్షలు ముగిసీ ముగియగానే పాస్‌పోర్టు ఫారాలకు జనం మొదలవుతారు. ఇదివరకు అమెరికా చదువులకో, గల్ఫ్ పనులకో వెళ్లేవాళ్లే వచ్చేవారు. ఈ మధ్య అమ్మ, నాన్న, మధ్యలో ఫోన్ చూసుకుంటూ ఒక పదిహేనేళ్ల పిల్లో పిల్లగాడో, ఇలా ముగ్గురేసి వస్తున్నారు. నేను ఆధార్ నంబర్ కొడుతుండగానే అడుగుతారు: "అన్నా, ఏ దేశం పోతే తక్కువల అయితది?"

రెండేళ్ల కిందటి వరకు నేను కూడా వాట్సాప్‌లో తిరిగే ట్రావెల్స్ పోస్టర్ చూసే జవాబు చెప్పేవాణ్ని. నేను, నా భార్య, అప్పుడే పది రాసిన మా అమ్మాయి కౌలాలంపూర్ వెళ్లొచ్చాక ఆ జవాబు మారింది. పోస్టర్ మీద ఉండేది విమానం, హోటల్. ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే ఆ రెండూ కలిపి సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. మిగిలినదంతా అక్కడ పొద్దున లేచింది మొదలు చేతిలోంచి జారిపోయిన డబ్బే. అందుకే టికెట్ ఎంత అని కాకుండా అక్కడ రోజుకు ఎంత అని అడగమంటాను. ఇంకో సంగతి, ఆ ఊళ్లో పిల్ల తనే మ్యాప్ చూసి మనల్ని తిప్పగలదా, లేక ఆరు రోజులూ వ్యాన్ వెనక సీట్లో కూర్చుని రీల్స్ చూస్తుందా? పదిహేనేళ్ల వయసులో ఆ తేడా చాలా పెద్దది. చిన్నపిల్లలను జూకు తీసుకుపోతే చాలు. వీళ్లకు ఏదో ఒక పని అప్పజెప్పాలి.

ముందు ఒక చేదు నిజం. విమానంలో 12 ఏళ్లు నిండితే పెద్దవాళ్ల టికెట్టే. హోటళ్లు కూడా చాలావరకు అదే లెక్క చూస్తాయి, కాబట్టి ఇద్దరికి ఇచ్చే గదిలో పిల్లను సర్దేద్దాం అంటే కుదరదు. బుక్ చేసేటప్పుడే ముగ్గురు పెద్దవాళ్లు అని కొట్టి ధర చూడండి. ఇద్దరు పెద్దలు, ఒక చైల్డ్ అని చూసి సంబరపడి, అక్కడికెళ్లాక అదనపు మంచానికి రోజూ కట్టిన ఇళ్లు రెండు నాకు తెలుసు.

మా లెక్క చెబుతాను, దీన్ని పట్టుకుని మిగతావి పోల్చుకోవచ్చు. ఆరు రోజులు, ఐదు రాత్రులు. విమానం ముగ్గురికీ రానుపోను 55,500. గది 17,000. తిండి 15,500. ఊళ్లో రైళ్లు, కార్లు 9,000. చూసేవాటి టికెట్లు 14,000. బీమా, సిమ్ కలిపి 4,000. షాపింగ్ 19,000, ఇందులో మా ఆవిడ వాటా గురించి నేనేమీ మాట్లాడను. మొత్తం 1,34,000. పాస్‌పోర్టుల ఖర్చు, శంషాబాద్ వరకు కారు వేరే.

మలేషియా: నా ఓటు దీనికే

హైదరాబాద్ నుంచి నేరుగా నాలుగు గంటల ప్రయాణం. 2023 డిసెంబరు నుంచి మనవాళ్లకు 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు. ఈ వెసులుబాటు 2026 డిసెంబరు 31 వరకు ఉంటుందని వాళ్ల ప్రభుత్వం ప్రకటించింది, ఆ తర్వాత వెళ్లేవాళ్లు టికెట్ కొనే ముందు ఒకసారి చూసుకోవాలి. దిగడానికి మూడు రోజుల లోపల డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి, పైసా ఖర్చు లేదు. గూగుల్‌లో వెతికితే అచ్చం ప్రభుత్వ సైటులాగే కనబడి డబ్బులడిగే సైట్లు వస్తాయి. డబ్బు అడిగిందంటే అది అసలు సైటు కాదు.

అక్కడి డబ్బు రింగిట్, మన లెక్కలో 20 రూపాయల పైన. అయినా కౌలాలంపూర్‌లో తక్కువ ఖర్చులోనే కడుపు నిండా తినొచ్చు. మామక్ అని తమిళ ముస్లింల హోటళ్లు గల్లీకొకటి, చాలావరకు రాత్రంతా తెరిచే ఉంటాయి. రోటీ చనాయ్ అని పొరల పరోటా, పప్పు కూర, మీద నురగతో తే తారిక్ చాయ్. మనవాళ్లు ఎక్కువగా ఉండే బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో అరిటాకు భోజనం ఉంటుంది. రబ్బరు తోటల కాలం నుంచి ఆ దేశంలో తెలుగువాళ్లు ఉన్నారు. మేం అరిటాకు ముందు కూర్చుని ఉప్పు తక్కువైందని తెలుగులో గొణుక్కుంటుంటే, వడ్డించే పెద్దాయన ఏమీ అనకుండా ఉప్పు గిన్నె తెచ్చి మా ముందు పెట్టి నవ్వాడు. ఆ తర్వాత ఆ ఊళ్లో కూరల గురించి మేం తెలుగులో వ్యాఖ్యానించలేదు.

పిల్ల చేతికి ఊరు ఇవ్వడం గురించి చెప్పాను కదా. కేఎల్ సెంట్రల్ అని ఒక పెద్ద స్టేషన్, అక్కడి నుంచి ఊరంతా రైళ్లు. టికెట్ మిషన్‌లో ఎక్కడికో నొక్కి నోట్లు పెడితే నీలం రంగు ప్లాస్టిక్ బిళ్లలు టకటకా పడతాయి. మొదటి రోజు నేను నొక్కాను, రెండో రోజు నుంచి మా అమ్మాయికి వదిలేశాను. ఆ రెండో రోజే మమ్మల్ని తప్పు దిక్కు రైలెక్కించింది. రెండు స్టేషన్లు పోయాక గానీ తనకు తెలియలేదు. నాకు ముందే తెలిసినా నోరు మూసుకున్నాను. దిగి, ఎదుటి ప్లాట్‌ఫాం మీదికి పోయి, వెనక్కి వచ్చాం. పోయింది పావుగంట. మూడో రోజు నుంచి ఆమె ఎక్కడ దిగమంటే అక్కడ దిగాం.

బటు గుహలకు రైల్లోనే వెళ్లొచ్చు. 272 మెట్లు, పక్కన 140 అడుగుల మురుగన్ విగ్రహం, పెద్ద గుహలోని గుడికి టికెట్ లేదు. మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి, లేకపోతే కింద శాలువా అద్దెకు తీసుకోమంటారు. చేతిలో కవర్ కనబడితే కోతులు వదలవు, యాదగిరిగుట్ట వెళ్లినవాళ్లకు ఈ మాట కొత్తేం కాదు. పెట్రోనాస్ జంట భవనాలు 452 మీటర్లు. పైకెక్కడానికి టికెట్ ఖరీదే, మేం ఎక్కలేదు. సాయంత్రం కింది పార్కులో ఫౌంటెన్ ఆట ఉచితం, ఫొటోలు కూడా అక్కడి నుంచే బాగా వస్తాయి. ఆ భవనాల కిందున్న మాల్‌లోనే పెట్రోసైన్స్ అని సైన్స్ కేంద్రం ఉంది. ఎంపీసీ తీసుకునే పిల్లలకు అరపూట చాలదు. ఒక రోజు బస్సులో మలక్కా అనే పాత రేవు పట్టణానికి వెళ్లి రావచ్చు, రెండు గంటల దారి.

మైనస్‌లు కూడా ఉన్నాయి. విమానాశ్రయం ఊరికి 50 కిలోమీటర్ల పైన. ఎక్స్‌ప్రెస్ రైలు మనిషికి 55 రింగిట్లు, అంటే ముగ్గురికి 165. అదే గ్రాబ్ (మన ఓలా, ఊబర్ లాంటిది) కారు మాట్లాడుకుంటే ముగ్గురికీ కలిపి అంతకంటే తక్కువే పడింది, బస్సు ఇంకా చవక. హోటల్‌లో విదేశీయులకు గదికి రాత్రికి 10 రింగిట్ల టూరిజం పన్ను విడిగా తీసుకుంటారు, బుకింగ్ ధరలో అది కనిపించదు. మధ్యాహ్నాలు వాన పడుతుంది, అది ఏ నెలైనా అంతే. సముద్రం మీద మోజుంటే కౌలాలంపూర్‌లో సముద్రం లేదు, లంకావీ దీవికి మళ్లీ విమానం ఎక్కాలి.

థాయ్‌లాండ్: చూడ్డానికి ఎక్కువ, జాగ్రత్త కూడా ఎక్కువ

బ్యాంకాక్ ఇంకా దగ్గర, మూడున్నర గంటలు. 2024 జులై నుంచి మనవాళ్లకు వీసా లేకుండా 60 రోజులు ఇచ్చారు. దాన్ని తగ్గించే మాట 2025లోనే బయటికొచ్చింది కాబట్టి టికెట్ రోజున రూలు ఏముందో చూడండి. 2025 మే నుంచి వీళ్లకూ డిజిటల్ అరైవల్ కార్డు ఉంది, ఇదీ ఉచితమే, ఇదీ మూడు రోజుల లోపే.

చూసేవాటి విషయంలో మలేషియా దీని ముందు నిలవదు, ఒప్పుకోవాలి. సువర్ణభూమి విమానాశ్రయంలోనే క్షీరసాగర మథనం నిలువెత్తు బొమ్మలతో ఎదురవుతుంది. అటు రాక్షసులు, ఇటు దేవతలు, మధ్యలో వాసుకి. గ్రాండ్ ప్యాలెస్ ఆవరణలోని గుడి గోడల నిండా రామకీయెన్, అంటే వాళ్ల రామాయణం. హనుమంతుడు బంగారు కవచంలో ఎలా ఉంటాడో అక్కడ చూడాలి. దాని టికెట్ మనిషికి 500 బాత్, బాత్ రెండున్నర రూపాయల పైనే కాబట్టి ముగ్గురికీ దగ్గర దగ్గర 4,000 రూపాయలు. పొట్టి నిక్కర్లు, చేతుల్లేని చొక్కాలు వేసుకుంటే లోపలికి పంపరు. ఈ మాట పిల్లలకు హోటల్లోనే చెప్పాలి, గేటు దగ్గర గొడవ పడే కంటే.

చౌకగా తిరగాలంటే చావొ ప్రాయా నదిలో నారింజ జెండా పడవ ఎక్కండి, మన సిటీ బస్సులాంటిదే. టూరిస్టు పడవ అని వేరే ఉంటుంది, అదే నీళ్లలో ఎన్నో రెట్లు ధర. పాత రాజధాని అయుత్థయకు మూడో తరగతి రైలు టికెట్ చాలా చవక. ఆ ఊరి పేరు మన అయోధ్య నుంచే వచ్చింది. ఫ్యాన్లు తిరుగుతుంటే, కిటికీలోంచి వరి పొలాలు పోతుంటే మిర్యాలగూడ ప్యాసింజర్ ఎక్కినట్టే ఉందని మా మిత్రుడు చెప్పాడు. వాళ్లబ్బాయికి మొత్తం ట్రిప్‌లో నచ్చింది ఆ రైలేనట.

ఇక జాగ్రత్తలు. పరాయి దేశపు కార్డుతో ఏటీఎంలో తీసిన ప్రతిసారీ రెండొందల బాత్ పైనే అక్కడి బ్యాంకు కోస్తుంది, మన బ్యాంకు వేసేది వేరు. కొద్దికొద్దిగా తీస్తే మునిగినట్టే. "ప్యాలెస్ ఈ రోజు మూసేశారు, వేరే చోటికి తీసుకెళ్తా" అని టుక్‌టుక్ వాడు అంటే నమ్మకండి, తేలేది రత్నాల దుకాణంలో. శాకాహారులకు ఇబ్బంది, చేప సాస్ పడని వంట తక్కువ. పసుపు జెండా మీద "జే" అని రాసి ఉన్న బండ్ల దగ్గర తినొచ్చు. కంబోడియా సరిహద్దు జిల్లాల వైపు అసలు ప్లాన్ వేయకండి, 2025లో అక్కడ కాల్పులు జరిగాయి.

ఏజెంట్లు అమ్మే ప్యాకేజీల్లో ఎక్కువగా కనిపించేది బ్యాంకాక్‌తో పాటు పట్టాయా. పదిహేనేళ్ల పిల్లలతో పట్టాయా రాత్రి వీధుల్లో నడవడం నాకు నచ్చదు, ఎవరేమనుకున్నా సరే. పగలు కోరల్ ఐలాండ్ బాగానే ఉంటుంది, కానీ ఆ ఒక్క పూట కోసం రెండు రాత్రులు అక్కడ పడుకోవాలి. 2022లో గంజాయికి చట్టంలో సడలింపు ఇచ్చాక ఆకు బొమ్మ బోర్డులతో దుకాణాలు వీధివీధినా వెలిశాయి. తర్వాత నిబంధనలు బిగించారు గానీ బోర్డులు మాత్రం కంట పడతాయి. పిల్లలు అడుగుతారు. అప్పటికప్పుడు తడబడే కంటే ఇంట్లోనే జవాబు ఆలోచించుకుని వెళ్లండి. ఈ-సిగరెట్ అక్కడా నేరమే, ఇక్కడా నేరమే, ఇది కూడా పిల్లకు కాదు పిల్లగాడికి కాదు అనుకోకుండా ఇద్దరికీ చెప్పాలి.

శ్రీలంక: తాత, నానమ్మ కూడా వస్తానంటే

కొలంబో దాదాపు రెండు గంటలే, నిద్ర పట్టేలోపు దిగిపోతాం. మన రూపాయికి వాళ్ల రూపాయలు మూడు పైన వస్తాయి, చేతిలో నోట్ల కట్ట చూసి పిల్లలకు భలే సరదా. 2024 ఫిబ్రవరి నుంచి కొన్ని చోట్ల యూపీఐ కూడా నడుస్తోంది. వెళ్లే ముందే ఈటీఏ అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. అన్నం, కొబ్బరి సంబోల్, పప్పు, చేపల కూర, మన నాలుకకు ఏ గొడవా లేదు.

మరి ఎందుకు మొదటి ఓటు దీనికి వేయలేదు? చూసేవన్నీ దూరదూరంగా ఉంటాయి. సిగిరియా ఒక చోట, క్యాండీ ఒక చోట, ఎల్లా కొండలు ఇంకో చోట, గాల్ కోట మరో కొసన. డ్రైవర్‌తో కారు తప్పదు, కారు అంటే పిల్ల వెనక సీట్లో, ఫోన్ చేతిలో. సిగిరియా లాంటి చోట్ల విదేశీయుల టికెట్ డాలర్లలో, స్థానికుల టికెట్‌తో పోలిస్తే ఎన్నో రెట్లు. విమానంలో మిగిలింది ఈ రెండింట్లో పోతుంది. అయినా ఆ రాతి కొండ 1,200 మెట్లెక్కి, సింహం పాదాల మధ్య నుంచి పైకి పోవడం పిల్లలు మర్చిపోరు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద తోటలో కూర్చోవచ్చు.

మన జిల్లావాళ్లకు ఒక చిన్న ఆకర్షణ. నాగార్జునసాగర్ బుద్ధవనంలో నిలబడి ఉన్న ఎత్తైన బుద్ధుడు అవుకన విగ్రహానికి నకలు. అసలుది లంకలో, అనురాధపురం వైపు, ఒకే బండలో చెక్కింది. సాగర్‌కు స్కూల్ పిక్నిక్‌లో పోయిన పిల్లలు గుర్తుపడతారు.

క్యాండీ నుంచి ఎల్లా రైలు కోసమే లంక వెళ్లేవాళ్లుంటారు. 2025 నవంబరు చివర్లో దిత్వా తుఫాను ఆ కొండ రైలుమార్గాన్ని బాగా దెబ్బతీసింది. ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ వరకు బండ్లు నడుస్తున్నాయో కనుక్కున్నాకే దాని మీద ఆశ పెట్టుకోండి.

మిగతావి త్వరగా. సింగపూర్ పిల్లలకు అన్నిటికంటే మంచి ఊరు, పర్సుకు అన్నిటికంటే చెడ్డ ఊరు. వీసా కావాలి, వాళ్ల డాలర్ 65 రూపాయల పైమాట, ముగ్గురు పట్టే గది ధర చూస్తే కౌలాలంపూర్‌లో మూడు రాత్రులు గుర్తొస్తాయి. మొదటిసారికి వద్దు. వియత్నాం ఈ-వీసా 25 అమెరికా డాలర్లు, ఊళ్లో ఖర్చు చాలా తక్కువ, ద నాంగ్ సముద్రం వేసవి సెలవుల్లో బ్రహ్మాండంగా ఉంటుంది. మాంసం తినేవాళ్లయితే నేను దీన్ని రెండో స్థానంలో పెడతాను. శాకాహారులు ఒక మాట నేర్చుకుని వెళ్లాలి: అక్కడ "చాయ్" అంటే టీ కాదు, శాకాహారం. దుబాయ్ కూడా మేలో మండిపోతుంది, అక్కడ ఫ్లాట్ ఉన్న చుట్టాలుండి గది ఖర్చు తప్పితేనే ఆలోచించండి. నేపాల్‌కు పాస్‌పోర్టు లేకపోయినా ఓటరు కార్డుతో పోవచ్చు. 15 నుంచి 18 ఏళ్ల పిల్లలకు మాత్రం ప్రిన్సిపాల్ ఇచ్చే ధ్రువపత్రం ఉండాలి. పాస్‌పోర్టు సమయానికి చేతికి రాకపోతే అది మంచి దారి.

ఏ నెలలో అన్నది దేశాన్నే మార్చేస్తుంది

పది అయ్యాక ఏప్రిల్, మే చేతిలో ఉంటాయి. ఇంటర్ మొదలైతే ఎప్‌సెట్, జేఈఈ అంటూ రెండేళ్లు ఆ పిల్ల ముఖం మనకే కనబడదు, కాబట్టి చాలామంది ఈ రెండు నెలల్లోనే పోతారు. అప్పుడు కౌలాలంపూర్ ఫర్వాలేదు, ద నాంగ్ బాగుంటుంది, బ్యాంకాక్ ఉడుకుతుంది. ఏప్రిల్ 13 నుంచి 15 వరకు అక్కడ సొంగ్‌క్రాన్, వీధుల్లో అందరి మీదా నీళ్లు పోసే పండగ. పిల్లలకు పండగే, గదుల ధర మాత్రం మనకు పండగ కాదు. మే నుంచి ఫుకెట్, క్రాబీ వైపు సముద్రం వానలతో అలజడిగా ఉంటుంది, ప్యాకేజీ చవకగా ఇస్తున్నారంటే కారణం అదే. లంకకు కూడా మే నెలాఖరు నుంచి నైరుతి వానలు కొలంబో, గాల్ తీరాన్ని తడుపుతాయి. అప్పుడు తూర్పున ట్రింకోమలీ పొడిగా ఉంటుంది. సంక్రాంతి సెలవులకు పోయేవాళ్లయితే దీనికి తలకిందులు: లంక పడమటి తీరం, థాయ్ సముద్రం రెండూ అప్పుడే బాగుంటాయి. దసరాకు ద నాంగ్ వద్దు, తుఫాన్లు, వరదలు వచ్చే కాలం.

ప్యాకేజీ తీసుకోవాలా, సొంతంగా చేసుకోవాలా? పెద్దవాళ్లు వెంట ఉన్నా, ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషులో నాలుగు మాటలు రాకపోయినా ప్యాకేజీ మంచిదే, సిగ్గుపడాల్సిందేమీ లేదు. కాకపోతే కాగితం మీద మూడు చూడండి. నాలుగు రాత్రులు ఐదు రోజులు అంటే మొదటి రాత్రి విమానంలోనే గడుస్తుందా? షాపింగ్ విజిట్లు ఎన్ని? మధ్యాహ్న భోజనం వాళ్లదా మనదా? టీసీఎస్ అని ముందస్తు పన్ను కొంత శాతం బిల్లులో కలుపుతారు, అది రిటర్న్ వేసినప్పుడు మన లెక్కలోకి వస్తుంది కాబట్టి రసీదు దాచుకోండి. ఇంట్లో పదిహేనేళ్ల పిల్ల ఉంటే నేనైతే సొంతంగానే అంటాను. ఆ పిల్లకు మనకంటే త్వరగా హోటళ్ల రివ్యూలు చదవడం వచ్చు. 17,000లో ఐదు రాత్రులు గది వెతకమని మా అమ్మాయికే అప్పగించాను, రైలు స్టేషన్‌కు ఐదు నిమిషాల నడకలో పట్టింది.

ఏ దేశమైనా ముందు నా టేబుల్ దాటాలి

పాస్‌పోర్టుకు హైదరాబాద్ పోనక్కర్లేదు, నల్గొండ, మహబూబ్‌నగర్ పోస్టాఫీసుల్లోనే సేవా కేంద్రాలున్నాయి. పెద్దవాళ్లకు 1,500, పద్దెనిమిది నిండని వాళ్లకు 1,000 ఫీజు. ఇక్కడే అందరూ పొరపాటు చేస్తారు. 1,000 కడితే అది పద్దెనిమిది నిండేదాకే. 15 దాటిన పిల్లలకు 1,500 కట్టి పదేళ్ల పాస్‌పోర్టు తీసుకునే వీలుంది. చాలా దేశాలు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలంటాయి కాబట్టి ఆ 500 దగ్గర పొదుపు చేయకండి.

పేరు సంగతి ఇంకా ముఖ్యం. పది మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది, నాన్న పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. నా దగ్గరికి వచ్చే పది ఫారాల్లో సగానికి ఇదే జబ్బు. మెమోను పట్టుకుని ఆధార్‌ను ముందు సరిచేయించుకుని రండి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి ఒక్క పేరుతో పాస్‌పోర్టు తీసుకుంటే 2022 నవంబరు నుంచి దుబాయ్ విజిట్ వీసాకు అది పనికిరాదు. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా ఉండాలి.

పది పాసవని తల్లిదండ్రుల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని, అంటే కొన్ని దేశాలకు పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని ముద్ర పడుతుంది. దాంతో చాలామంది భయపడతారు. ఆ ముద్ర పనికి పోయేవాళ్ల కోసం. మలేషియా, థాయ్‌లాండ్ ఆ దేశాల జాబితాలో ఉన్నా టూరిస్టుగా వెళ్లడానికి అనుమతి అక్కర్లేదు, తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ ప్రింట్లు చేతిలో పెట్టుకుంటే చాలు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు, యాభై దాటినవాళ్లకు అసలు ఆ ముద్రే పడకుండా తీసుకోవచ్చు. మా ఆవిడ ప్రభుత్వ టీచర్, ఆమెకు శాఖ అనుమతి కూడా కావాల్సి వచ్చింది. అలాంటివాళ్లు టికెట్ కంటే ముందు ఆ దరఖాస్తు పెట్టండి.

దారి గురించి: పాలమూరువాళ్లు అదృష్టవంతులు, జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా 44వ నంబర్ రోడ్డు పట్టుకుంటే సిటీ తగలకుండానే శంషాబాద్. మేం నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దాటి పెద్ద అంబర్‌పేట దగ్గర అవుటర్ ఎక్కుతాం. ఈ దేశాలకు పోయే విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి దాటాక లేస్తాయి. టికెట్ మీద 12వ తేదీ 00:40 అని ఉంటే 11వ తేదీ రాత్రి భోంచేసి బయలుదేరాలి. మా బజారులోనే ఒక కుటుంబం 12 రాత్రి బ్యాగులు సర్దుకుని కారెక్కింది. విమానం అప్పటికి ఇరవై గంటల కిందే పోయింది.

మా తప్పు వేరే. చవక విమానంలో చేతి బ్యాగు 7 కిలోలే, పెట్టెకు విడిగా కట్టాలి, అది తెలుసు. తెలియంది మా అమ్మ సర్దిన సకినాల డబ్బా బరువు. కౌంటర్‌లో అప్పటికప్పుడు పెట్టెకు కట్టిన డబ్బు ముందే ఆన్‌లైన్‌లో కట్టి ఉంటే సగం కూడా అయ్యేది కాదు. ఆవకాయ సీసా చేతి బ్యాగులో పట్టుకుపోనివ్వరు, అది పెట్టెలోకి. ఎండుకొబ్బరి కుడుకలు పెట్టెలోనూ పెట్టకూడదు, నూనె వల్ల మంట అంటుకునే సరుకు కింద లెక్క. పవర్ బ్యాంకు దీనికి రివర్సు, చేతి బ్యాగులోనే ఉండాలి. ఇప్పుడు ఎవరు టికెట్ తీసుకున్నా, ప్రింట్లు ఇచ్చాక పక్కనున్న కిరాణా షాపుకు పంపిస్తున్నాను. ఆయన బియ్యం తూచే కాటా మీద బ్యాగు పెట్టి, ఏడు దాటితే అక్కడే జిప్పు తీయిస్తాడు.